తప్పున్న ఫైల్‌ను ఎక్కడ దిద్దాలి: డిజైన్‌లోనా, పీడీఎఫ్‌లోనా, రిప్‌లోనా?

ప్లేట్లు మిషన్ ఎక్కాయి. రిజిస్ట్రేషన్ (రంగులన్నీ ఒకదాని మీద ఒకటి సరిగా పడటం) కుదిరింది, ఇంకు సర్దుకుంది. మిషన్‌మన్ ఓ షీటు లాగి బల్ల మీద పరిచాడు. ముదురు నీలం కవరు మీద తెల్లటి అక్షరాల్లో ఉండాల్సిన పేరు లేదు. అది ఉండాల్సిన చోట నీలం ఒక్కటే ఉంది. పరుగున వచ్చి కంప్యూటర్‌లో పీడీఎఫ్ తెరిస్తే పేరు శుభ్రంగా కనిపిస్తోంది. కస్టమర్ ఫోన్‌లో చూసి ఓకే అన్న ఫైల్‌లోనూ ఉంది. ప్లేటు మీద మాత్రం లేదు.

కారణం వెతకడానికి పది నిమిషాలు పట్టింది. ఆ లోగోను మొదట ఎవరో నల్లగా గీసి, ఓవర్‌ప్రింట్ టిక్ పెట్టారు. నల్ల అక్షరానికి అది మంచిదే. తర్వాత ముదురు కవరు కోసం దాన్ని తెల్లగా మార్చారు. రంగు మారింది, టిక్ మారలేదు. తెలుపు అంటే నాలుగు ఇంకులూ సున్నా. ఓవర్‌ప్రింట్ అంటే కింద ఉన్న రంగును చెరపకుండా దాని మీదే వెయ్యమని. నీలం మీద సున్నా వేస్తే నీలమే మిగులుతుంది. అక్రోబాట్ మామూలు సెట్టింగ్‌లో పీడీఎఫ్/ఎక్స్ (అచ్చు కోసం నిర్ణయించిన పీడీఎఫ్ రకం) ఫైళ్లకు మాత్రమే ఓవర్‌ప్రింట్ ప్రివ్యూ చూపిస్తుంది. మా దగ్గరికి వచ్చింది మామూలు పీడీఎఫ్, అందుకే స్క్రీన్ మీద పేరు కనిపించింది.

అప్పుడు దాన్ని మూడు చోట్ల దిద్దే వీలుంది. డిజైనర్‌కి తిప్పి పంపి టిక్ తీయించవచ్చు. పీడీఎఫ్‌లో మనమే తీయవచ్చు. లేదా రిప్‌లో (పీడీఎఫ్‌ను ప్లేటు మీది చుక్కలుగా మార్చే సాఫ్ట్‌వేర్‌లో) "ఓవర్‌ప్రింట్‌ను లెక్కలోకి తీసుకోవద్దు" అని పెట్టి మళ్లీ ప్లేట్లు తీయవచ్చు. మిషన్ ఆగి ఉంది, టెన్షన్ మీద ఉన్నాం, మూడోది రెండు నిమిషాల పని. అదే చేశాం. పేరు వచ్చింది. దానితో పాటు లోపలి బొమ్మల మీద ఉన్న సన్నటి నల్ల అక్షరాల చుట్టూ తెల్లటి గీతలు కూడా వచ్చాయి, ఎందుకంటే వాటికి అవసరమైన ఓవర్‌ప్రింట్ కూడా పోయింది. కొన్ని నెలల తర్వాత అదే జాబ్ రీప్రింట్‌కి వచ్చింది. రిప్ సెట్టింగ్ ఎప్పుడో పాత స్థితికి వెళ్లిపోయింది, ఫైల్ మాత్రం అదే. మళ్లీ పేరు మాయం.

ప్రీప్రెస్‌లో, అంటే అచ్చుకు ముందు ఫైల్ సిద్ధం చేసే పనిలో, ఏ సాఫ్ట్‌వేర్ కొనాలని అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. నా అనుభవంలో దానికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఏ తప్పును ఎక్కడ దిద్దాలి అనేది. దిద్దుబాటు ఫైల్‌తో పాటే ఉండాలి, ఏడాది తర్వాత రీప్రింట్ వచ్చినా పనిచేయాలి. కింది పోలికలన్నిటికీ నేను పెట్టుకున్న కొలబద్ద ఇదే.

మూడు చోట్లు, మూడు రకాల తప్పులు

డిజైనర్‌కి తిప్పి పంపడం అన్నిటికన్నా నెమ్మదైన దారి. పైగా తిరిగి వచ్చేది కొత్త ఫైల్. ఒక పేజీలో టిక్ తీయమంటే, ఆ కంప్యూటర్‌లో ఫాంట్ వెర్షన్ వేరై ఇంకో పేజీలో లైన్లు జరిగి రావచ్చు. అందుకే తిరిగి వచ్చిన ఫైల్‌ను మొదటి పేజీ నుంచి చూడాల్సిందే, మార్చిన పేజీ ఒక్కటే చూస్తే చాలదు. ఇంత ఇబ్బంది ఉన్నా కొన్ని తప్పులకు ఇదొక్కటే దారి: అక్షర దోషాలు, తప్పు పేజీ సైజు, తప్పిపోయిన పేజీ, రిజల్యూషన్ చాలని ఫోటో. 300 పీపీఐ (అంగుళానికి 300 పిక్సెళ్లు) ఫోటోను లేఅవుట్‌లో రెండింతలు పెంచితే మిగిలేది 150 పీపీఐ. 150 లైన్ల స్క్రీన్‌కి (అంగుళానికి 150 చుక్కల వరుసలు) కావాల్సిన దానిలో అది సగమే. ఆ లోటును మనం ఎక్కడా పూడ్చలేం. అసలు ఫోటో ఉన్నవాళ్లే ఇవ్వాలి.

తిప్పి పంపేటప్పుడు "ఫైల్ సరిగా లేదు, మళ్లీ పంపండి" అని రాయకండి. డిజైనర్‌కి అందులోంచి ఏమీ అర్థం కాదు, అదే ఫైల్‌ను పేరు మార్చి పంపుతారు. "7వ పేజీలో కుడివైపు ఫోటో 110 పీపీఐ ఉంది, అదే ఫోటో పెద్ద సైజులో పెట్టి ఆ ఒక్క పేజీ పంపండి" అని స్క్రీన్‌షాట్‌తో రాస్తే ఒకే విడతలో పని అయిపోతుంది. మనకి పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, జాబ్‌కి ఒక రోజు కలిసొస్తుంది.

పీడీఎఫ్‌లో దిద్దడం మధ్యదారి. ఎక్కువ తప్పులకు నేను ఎంచుకునేది ఇదే. కస్టమర్ కంటికి కనిపించే రూపం మారకుండా ప్లేటు మీద ఫలితం మాత్రమే మారే తప్పులన్నీ దీని కిందికి వస్తాయి. తెల్ల ఓవర్‌ప్రింట్ అందులో ఒకటి. హెయిర్‌లైన్ ఇంకొకటి. డిజైన్‌లో మందం సున్నా అని ఇచ్చిన గీత, ఏ పరికరం మీదకు వెళ్తే దాని ఒక చుక్కంత మందంతో వస్తుంది. ఆఫీసులోని 600 డీపీఐ లేజర్ ప్రింటర్ మీద చక్కగా కనిపిస్తుంది. 2400 డీపీఐ ప్లేట్‌సెట్టర్ (ప్లేట్లు తీసే మిషన్) మీద అది మిల్లీమీటరులో నూరో వంతు, కాగితం మీదకు వచ్చేసరికి విరిగి విరిగి ఉంటుంది లేదా అసలు ఉండదు. దాన్ని 0.25 పాయింట్లకు పెంచితే సరిపోతుంది. దీనికోసం డిజైనర్‌ని నిద్ర లేపక్కర్లేదు.

స్పాట్ కలర్ల (నాలుగు ఇంకులతో కాకుండా విడి ఇంకుతో, విడి ప్లేటుతో వేసే రంగులు) పేర్లు కూడా ఇక్కడే సరిచేయాలి. ఒకే పాంటోన్ 185 ఒక బొమ్మలో 'సి' అని, ఇంకో దాంట్లో 'యు' అని, ఏదో పాత లోగోలో 'సీవీసీ' అని వస్తుంది. కాగితం మీద ఒకే ఎరుపు, రిప్ లెక్కలో మూడు ప్లేట్లు. అక్రోబాట్ ఇంక్ మేనేజర్‌లో రెండింటిని మూడోదానికి అలియాస్ చేస్తే (అదే రంగుగా చూడమని చెబితే) సెపరేషన్లలో ఒకే ప్లేటుగా కనిపిస్తుంది. అయితే ఫైల్‌లోనే ఆ పేర్లు మారేలా కన్వర్ట్ చేసి దాచండి. ప్రింట్ కొట్టేటప్పుడు మాత్రమే అలియాస్ పెడితే మళ్లీ రీప్రింట్ కథే.

ఇక్కడ ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. పీడీఎఫ్‌ను ఇలస్ట్రేటర్‌లోనో కోరల్‌డ్రాలోనో తెరిచి దిద్దకండి. అవి పీడీఎఫ్‌ను తమ భాషలోకి మార్చుకుని తెరుస్తాయి. ఫాంట్ ఆ కంప్యూటర్‌లో లేకపోతే వేరేది పెట్టేస్తాయి. తెలుగు విషయంలో ఇది మరీ ప్రమాదం. పీడీఎఫ్‌లో 'స్త్రీ' అనే అక్షరం కొన్ని గ్లిఫ్‌ల పేర్చుబాటు మాత్రమే. తెరిచిన ప్రోగ్రామ్ దాన్ని తిరిగి కూర్చేటప్పుడు వత్తు పక్కకు జరగొచ్చు, గుడిదీర్ఘం ఎగిరిపోవచ్చు. నాలుగో పేజీలో గీత దిద్దబోయి పన్నెండో పేజీలో వత్తులు పోగొట్టుకున్న జాబ్ నా కళ్లారా చూశాను, అదీ బైండింగ్ అయ్యాక. పీడీఎఫ్‌ను పీడీఎఫ్‌గానే దిద్దే సాధనంతో పని చేయండి.

ఇక రిప్. కాగితాన్ని బట్టి, మిషన్‌ను బట్టి మారేవన్నీ రిప్‌కే వదలాలి: ట్రాపింగ్ (పక్కపక్క రంగుల అంచులను కాస్త ఒకదాని మీదికి ఒకటి ఎక్కించడం), స్క్రీనింగ్ (బొమ్మను చుక్కలుగా మార్చడం), డాట్ గెయిన్ కర్వ్ (కాగితం మీద చుక్క పెరిగే దానికి సర్దుబాటు), ఆ ప్రెస్‌కి తగ్గ ప్రొఫైల్ (రంగుల లెక్క ఉన్న ఫైల్). ఇవి డిజైన్ ఫైల్‌లో ఉంటేనే నష్టం, ఎందుకంటే రేపు అదే ఫైల్ వేరే కాగితం మీదకు వెళ్తుంది. జాబ్ లోపలి తప్పును కప్పిపుచ్చడానికి మాత్రం రిప్ సెట్టింగ్ ముట్టుకోవద్దు. "నూరు శాతం నలుపంతా ఓవర్‌ప్రింట్" అని రిప్‌లో శాశ్వతంగా పెట్టేసే చోట్లు ఉన్నాయి. చిన్న అక్షరాలకు హాయిగా ఉంటుంది. ఒక రోజు ఫోటో మీద పెద్ద నల్ల పట్టీ ఉన్న కవర్ వస్తుంది, ఆ పట్టీలోంచి కింది ఫోటో నీడలా బయటపడుతుంది.

ట్రాపింగ్ గురించి ఒక్క మాట చాలు. రిప్‌లో ట్రాపింగ్ ఉంటే అదే వాడండి, మామూలు ఆఫ్‌సెట్‌కి 0.25 పాయింట్ల దగ్గర మొదలుపెట్టి మీ మిషన్ రిజిస్ట్రేషన్ ఎంత నిలకడగా ఉందో చూసి సర్దుకోండి. డిజైనర్‌ని చేతితో ట్రాప్ చేయమని అడగొద్దు.

ఎక్స్-1ఏ అడగాలా, ఎక్స్-4 అడగాలా?

పీడీఎఫ్/ఎక్స్-1ఏ 2001లో ఐఎస్ఓ 15930-1గా వచ్చింది. అందులో సీఎంవైకే (సియాన్, మెజెంటా, ఎల్లో, బ్లాక్ అనే నాలుగు ఇంకులు), స్పాట్ తప్ప వేరే రంగు ఉండకూడదు. ఫాంట్లన్నీ లోపలే ఉండాలి. ట్రాన్స్‌పరెన్సీ (పారదర్శకత) ఉండకూడదు. ఎక్స్-4 2008లో ఐఎస్ఓ 15930-7గా వచ్చింది. ఫాంట్ల నియమం అదే, కానీ ట్రాన్స్‌పరెన్సీ, లేయర్లు, ప్రొఫైల్ తగిలించిన ఆర్‌జీబీ (స్క్రీన్ రంగుల) బొమ్మలు ఉండొచ్చు.

ఎక్స్-1ఏలో ఆశ్చర్యపోయే అవకాశం తక్కువ. పాత రిప్ అయినా మింగుతుంది. దాని కష్టమంతా ఫ్లాటెనింగ్‌లో ఉంది. నీడలు, మసకలు, పారదర్శక పట్టీలు అన్నిటినీ ఎక్స్‌పోర్ట్ సమయంలోనే ముక్కలు చేసి చదును చేయాలి. ఆ ముక్కల మధ్య స్క్రీన్ మీద సన్నటి తెల్ల గీతలు కనిపిస్తాయి. కస్టమర్ కంగారుపడి ఫోన్ చేస్తాడు. జూమ్ చేసినా ఆ గీత మందం మారకపోతే అది స్క్రీన్ మీది భ్రమే, ప్లేటు మీదకు రాదు. అసలు సమస్య వేరే ఉంది. నీడ కింద పడిన అక్షరాలు ఔట్‌లైన్లుగా మారి, పక్క లైను కన్నా కాస్త లావుగా అచ్చవుతాయి. ఒకే పేరాలో సగం లావు, సగం సన్నం. స్పాట్ కలర్ డబ్బా మీద నీడ వేసి, ఆ స్పాట్‌ను ప్రాసెస్‌కి మారిస్తే నీడ చుట్టూ వేరే ఛాయలో చతురస్రం తేలుతుంది. ఒకసారి చదునైన ఫైల్‌ను వెనక్కి తీసుకెళ్లలేం.

ఎక్స్-4లో ఆ చదును పని రిప్ చేస్తుంది, తన సొంత రిజల్యూషన్‌లో. ఫలితం మెరుగు. దానికి రిప్ ఆ స్థాయిది కావాలి. అడోబీ పీడీఎఫ్ ప్రింట్ ఇంజిన్ 2006లో వచ్చింది, అది ట్రాన్స్‌పరెన్సీని నేరుగా చదువుతుంది. దానికి ముందున్న అడోబీ పోస్ట్‌స్క్రిప్ట్ రిప్‌లకు ఆ శక్తి లేదు. మీ రిప్ ఏ కోవలోదో తెలుసుకోవడానికి అమ్మినవాళ్లను అడగడం కన్నా జెంట్ వర్క్‌గ్రూప్ (అచ్చు ఫైళ్లకు ప్రమాణాలు రాసే సంఘం) ఇచ్చే అవుట్‌పుట్ టెస్ట్ పేజీలను మీ రిప్‌లోంచి పంపి చూడండి. గళ్లలో ఎక్కడైనా ఇంటూ గుర్తు కనిపించిందంటే ఆ అంశం మీ రిప్‌కి కుదరడం లేదని.

నా సలహా: ఆ పరీక్ష నెగ్గితే ఎక్స్-4, నెగ్గకపోతే ఎక్స్-1ఏ. రెండూ తీసుకుంటామంటే డిజైనర్లు రెండింటినీ కలగలిపి పంపుతారు, ఒకటే అడగండి. ఎక్స్-4 అడిగేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. "ఎక్స్-4 పంపాను కదా, సీఎంవైకే అయిపోయి ఉంటుంది" అని డిజైనర్ అనుకుంటాడు. అవ్వక్కర్లేదు. జెంట్ వర్క్‌గ్రూప్ 2015 స్పెసిఫికేషన్లు ఎక్స్-4 మీదే కట్టినవి, రిజల్యూషన్, ఇంకు పరిమితి, సన్న గీతల వంటి తనిఖీలు అదనంగా చేర్చాయి. వాటిని ప్రీఫ్లైట్ (అచ్చుకు ముందు ఫైల్ తనిఖీ) ప్రొఫైల్‌గా వాడుకోవచ్చు.

డిజైనర్లకు నియమాల పత్రం పంపితే చదివేవాళ్లు తక్కువ. దాని బదులు ఇన్‌డిజైన్‌లో మీరే ఒక ఎక్స్‌పోర్ట్ ప్రీసెట్ తయారు చేసి, బ్లీడ్ (కట్ చేసే గీత దాటి బయటకు ఉండే రంగు) 3 మి.మీ. అందులోనే పెట్టి, ఆ ఒక్క ఫైల్‌ను పంపండి. వాళ్లు దాన్ని ఇన్‌డిజైన్‌లో లోడ్ చేసి ఎంచుకుంటే చాలు. మా దగ్గరికి వచ్చే ఫైళ్లు మెరుగుపడింది ఆ రోజు నుంచే.

నాలుగు రంగుల నల్ల అక్షరం

ఒక పుస్తకం వచ్చింది, వర్డ్‌లో టైప్ చేసి నేరుగా పీడీఎఫ్ చేసినది. లోపలి పేజీలన్నీ నలుపు అక్షరాలే. అచ్చయిన షీటు మీద 7 పాయింట్ల ఫుట్‌నోట్‌ను లూప్ (చిన్న భూతద్దం) కింద పెట్టి చూశాను. అక్షరానికి ఎడమ అంచున గులాబీ గీత, కుడి అంచున లేత నీలం, మధ్యలో మురికి నలుపు. వత్తుల మధ్య ఖాళీలు పూడిపోయాయి. వర్డ్‌లో నలుపు అంటే ఆర్‌జీబీలో 0, 0, 0. దాన్ని స్వాప్ వి2 అనే సీఎంవైకే ప్రొఫైల్‌తో మార్చితే సియాన్ 75, మెజెంటా 68, ఎల్లో 67, బ్లాక్ 90 అవుతుంది. మొత్తం 300 శాతం ఇంకు, ఒక్క ఫుట్‌నోట్ అక్షరం మీద. నాలుగు ప్లేట్లలో ఏ ఒక్కటి వెంట్రుకవాసి జరిగినా చదవలేం.

రంగు మార్పు ఎవరు చేయాలన్నదే ఇక్కడి ఎంపిక. డిజైనర్ చేస్తే, ఫోటోల రంగు వాళ్ల కంటి ముందే తేలుతుంది, తర్వాత గొడవ ఉండదు. కానీ వాళ్లకు మన కాగితం తెలియదు. నునుపైన కాగితానికని 330 శాతం ఇంకు పరిమితి ఉన్న ఐఎస్ఓ కోటెడ్ వి2తో మార్చిన ఫోటోను న్యూస్‌ప్రింట్ మీద వేస్తే, అక్కడ పరిమితి 240 దగ్గర ఉంటుంది కాబట్టి, నీడలు ముద్దకట్టి వెనక షీటుకు అంటుకుంటాయి. ప్రెస్‌లో మనం మామూలు ఐసీసీ (రంగు ప్రొఫైళ్ల ద్వారా చేసే) మార్పిడి చేస్తే కాగితానికి సరిపోతుంది. కానీ అప్పటికే సీఎంవైకేలో ఉన్న ఫైల్‌ను మరో సీఎంవైకేకి అలా మారిస్తే నిఖార్సైన నలుపు మళ్లీ నాలుగు రంగులుగా చీలిపోతుంది.

మూడో దారి డివైస్‌లింక్ ప్రొఫైల్. ఒక సీఎంవైకే నుంచి ఇంకో సీఎంవైకేకి నేరుగా వెళ్తుంది. నలుపును నలుపుగా, పసుపును పసుపుగా ఉంచుతూ మొత్తం ఇంకును తగ్గిస్తుంది. రకరకాల కాగితాల మీద పని చేసే ప్రెస్‌కి ఇదే సరైన పెట్టుబడి. ఒకటే కాగితం, ఒకటే మిషన్ ఉన్నవాళ్లకు దీని అవసరం అంతగా లేదు. వాళ్లు తమ ప్రొఫైల్‌ను డిజైనర్లకు ఇచ్చి, వర్డ్ ఫైళ్ల మీద మాత్రం అక్రోబాట్ ప్రోలో కన్వర్ట్ కలర్స్ తెరిచి 'ప్రిజర్వ్ బ్లాక్' టిక్ పెట్టుకుంటే చాలావరకు గడిచిపోతుంది. ఆ తర్వాత అవుట్‌పుట్ ప్రివ్యూలో బ్లాక్ ప్లేటు ఒక్కటీ ఆపి చూడండి. అక్షరాలన్నీ మాయమైతే పని అయినట్టు. మసకగానైనా అక్షరాలు మిగిలాయంటే వేరే ప్లేట్లలో ఇంకా ఉన్నట్టు.

తనిఖీకి ఏ సాధనం?

అక్రోబాట్ ప్రోలో ఉన్న ప్రీఫ్లైట్‌ను చాలామంది తెరిచి కూడా చూడరు. దాని లోపలి ఇంజిన్ కల్లాస్ కంపెనీది, అదే కంపెనీ విడిగా అమ్మే పీడీఎఫ్‌టూల్‌బాక్స్‌కి దగ్గరి బంధువు. తనిఖీలతో పాటు ఫిక్సప్‌లు (తప్పులను దానంతటదే దిద్దేవి) కూడా ఉంటాయి, అన్నీ కలిపి డ్రాప్‌లెట్‌గా చేసుకుంటే ఫైల్‌ను దాని మీదకు లాగి వదిలితే చాలు. రోజుకు కొద్ది జాబ్‌లు ఉన్న యూనిట్‌కి ఇంతకు మించి అక్కర్లేదని నా నమ్మకం.

అక్రోబాట్ లోపలే ఇమిడే ఎన్‌ఫోకస్ పిట్‌స్టాప్ ప్రో బలం చేతిపనిలో ఉంది. ఒక వస్తువును పట్టుకుని దాని రంగు, మందం, ఓవర్‌ప్రింట్ మార్చడం, అలాంటివే ఉన్న మిగతా వస్తువులన్నీ ఎంచుకోవడం, చేసిన మార్పులను యాక్షన్ లిస్ట్‌గా దాచుకుని తర్వాతి నెల పత్రికకు వాడుకోవడం దీంతో తేలిక. ఆపరేటర్ రోజంతా పీడీఎఫ్ మీదే కూర్చుంటాడంటే దీనికే ఓటు. జాబ్‌లు పెద్ద సంఖ్యలో, ఒకే తరహాలో వస్తే పిట్‌స్టాప్ సర్వర్ లేదా పీడీఎఫ్‌టూల్‌బాక్స్ సర్వర్‌తో హాట్ ఫోల్డర్లు పెట్టుకోవచ్చు. ఫైల్ ఫోల్డర్‌లో పడగానే తనిఖీ అయి, మంచివి ఒకవైపు, తప్పులున్నవి రిపోర్టుతో ఇంకోవైపు వెళ్తాయి. సాఫ్ట్‌వేర్ కొనే పరిస్థితి లేనివాళ్లు కనీసం అక్రోబాట్ రీడర్ ప్రిఫరెన్సెస్‌లో ఓవర్‌ప్రింట్ ప్రివ్యూను 'ఆల్వేస్' అని మార్చుకోండి. ఖర్చు లేదు. మొదట చెప్పిన కవరు మాకు అక్కడే దొరికిపోయేది.

ఒక జాగ్రత్త: ఫిక్సప్‌లను చూడకుండా అన్నీ ఆటోమేటిక్‌గా నడిపించకండి. తెల్ల ఓవర్‌ప్రింట్ తీసేయడం, సన్న గీతలు పెంచడం ఎప్పుడైనా క్షేమమే. రంగు మార్పిడి, బ్లీడ్ తయారీ మాత్రం మనిషి కన్ను పడ్డాకే ముందుకెళ్లాలి.

బ్లీడ్ లేని ఫైల్

ఇది రోజూ వచ్చే తలనొప్పి. పేజీని పెంచడం ఒక ఉపాయం. ఏ4 వెడల్పు 210 మి.మీ., రెండు వైపులా 3 మి.మీ. కావాలంటే 216 కావాలి, అంటే దాదాపు 103 శాతానికి పెంచాలి. అప్పుడు అంచు నుంచి 10 మి.మీ. దూరంలో ఉన్న అక్షరం 7.3 దగ్గరికి వస్తుంది. పేజీ నంబర్లు ఇప్పటికే అంచుకి దగ్గరగా ఉంటే ఇది కుదరదు. అంచు పిక్సెళ్లను అద్దంలోలా బయటకు తిప్పి వేయడం రెండో ఉపాయం, పైన చెప్పిన సాధనాలు దీన్ని చేస్తాయి. ఆకాశం, గోడ, ఒకే రంగు నేపథ్యం ఉన్నచోట ఎవరికీ తెలియదు. అంచున మనిషి ముఖమో అక్షరమో ఉంటే కటింగ్ కొంచెం తప్పినా రెండో చెవి బయటపడుతుంది. మూడోది సైజు తగ్గించి కట్ చేయడం. పుస్తకాలకు కొన్నిసార్లు ఇదే మేలు, కానీ కస్టమర్ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి.

ఇంపోజిషన్ (పెద్ద షీటు మీద పేజీల అమరిక): పేజీలతో కలిపా, వేరుగానా?

చిన్న పుస్తకం, సెంటర్ పిన్ (మధ్య మడతలో పిన్ కొట్టేది), అరుదుగా వచ్చే పని అయితే ఇన్‌డిజైన్‌లోని ప్రింట్ బుక్‌లెట్‌తో నెట్టుకురావచ్చు, అయితే అది నేరుగా పీడీఎఫ్ ఇవ్వదు. అక్రోబాట్‌లో పనిచేసే క్వైట్ ఇంపోజింగ్ వంటి ప్లగిన్ పేజీలను అమర్చి ఒక పెద్ద పీడీఎఫ్ ఇస్తుంది. నేర్చుకోవడం సులువు. ఇబ్బంది ఎప్పుడంటే, ఫారం అంతా అమర్చాక కస్టమర్ ఒక పేజీ మార్చమంటాడు. మళ్లీ మొదటి నుంచి అమర్చాలి, ఆ తొందరలో పాత పేజీ ఎక్కడో ఉండిపోతుంది. ప్రెప్స్ వంటి ప్రత్యేక సాఫ్ట్‌వేర్‌లో గానీ, ప్రినర్జీ, ప్రినెక్ట్, అపోజీ వంటి వర్క్‌ఫ్లోలలో గానీ అమరిక వేరుగా, పేజీలు వేరుగా ఉంటాయి. ఒక పేజీ మార్చితే దాని చోట అది కూర్చుంటుంది. పుస్తకాలు, పత్రికలు ఎక్కువగా వేసేవాళ్లకు ఈ ఒక్క కారణం చాలు.

ఏది వాడినా రెండు చూడాలి. సెంటర్ పిన్‌లో క్రీప్: 64 పేజీలంటే 16 షీట్లు ఒకదానిలో ఒకటి మడత. 0.1 మి.మీ. మందం కాగితమైనా లోపలి షీటు ఒకటిన్నర మి.మీ. దాకా బయటకు వస్తుంది, కట్ చేశాక అంత మేర లోపలి పేజీల మార్జిన్ పోతుంది. రెండోది, ప్లేటు తీసే ముందు తెల్ల కాగితం మడిచి డమ్మీ చేసి నంబర్లు వేయడం. సెంటర్ పిన్ 64 పేజీల పుస్తకంలో పక్కపక్కన అచ్చయ్యే జంట నంబర్లు కలిపితే ఎప్పుడూ 65 రావాలి. ఇంపోజిషన్ పీడీఎఫ్‌లో ఒక జంటకు 65 రాలేదంటే అక్కడే ఆగాలి.

ప్రూఫ్ ఏది చూపించాలి?

స్క్రీన్ మీద సాఫ్ట్ ప్రూఫ్ అక్షరాలకు, పేజీల వరుసకు బాగా పనికొస్తుంది. రంగుకు పనికిరాదు, కస్టమర్ ఫోన్‌లో అయితే అసలు పనికిరాదు. రంగు ముఖ్యమైన కవర్లకు, కేటలాగ్‌లకు ఐఎస్ఓ 12647-7 ప్రకారం కొలిచిన ఇంక్‌జెట్ ప్రూఫ్ తీసి, అంచున కొలత పట్టీ ఉంచి, 5000 కెల్విన్ డీ50 వెలుతురులో చూపించాలి. కిటికీ పక్కన ఒప్పుకున్న రంగు ట్యూబ్‌లైట్ కింద తప్పుగా అనిపిస్తుంది, రెండూ నిజమే. ఆ కాంట్రాక్ట్ ప్రూఫ్ స్థాయి అక్కర్లేని పనులకు 12647-8 ప్రకారం తీసే ప్రూఫ్ సరిపోతుంది.

వీటిలో ఏదీ ప్లేటుకు వెళ్లే డేటాను చూపించదు, ఆ ప్రూఫ్ వేరే రిప్ నుంచి వచ్చి ఉంటే. తెల్ల పేరు మాయమైన రోజు నేర్చుకున్నది ఇదే. ప్లేటుకు వెళ్లే 1-బిట్ టిఫ్‌నే (ప్రతి చోటా చుక్క ఉందా లేదా అన్నది మాత్రమే ఉండే ఫైల్) తెరిచి చూడటం లేదా అదే డేటా నుంచి తక్కువ రిజల్యూషన్ ప్రింట్ తీయడం ఒక్కటే నమ్మదగిన ఆఖరి తనిఖీ. రంగు కోసం ఇంక్‌జెట్, వస్తువులు ఉన్నాయో లేవో తేల్చడానికి 1-బిట్. రెండింటిలో ఒకటే పెట్టుకోగలిగితే నేను రెండోదే పెట్టుకుంటాను. రంగు తేడాను మిషన్ మీద కొంత సర్దవచ్చు, లేని అక్షరాన్ని తేలేం.

కొనే ముందు

రెండు వారాలు ఒక నోట్‌బుక్ పెట్టండి. ఏ జాబ్ ఆగింది, ఏ తప్పు వల్ల, ఎక్కడ దిద్దాం, ఎంతసేపు పట్టింది. నాలుగు గళ్లు చాలు. తిప్పి పంపడానికే సమయమంతా పోతుంటే కావాల్సింది ఎక్స్‌పోర్ట్ ప్రీసెట్, మంచి రిపోర్టు. ఒకే తప్పును రోజూ చేత్తో దిద్దుతుంటే యాక్షన్ లిస్ట్, హాట్ ఫోల్డర్. ఆఖరి నిమిషం పేజీ మార్పులే ఎక్కువైతే అమరికను వేరుగా ఉంచే వర్క్‌ఫ్లో.

డెమో ఇవ్వడానికి వచ్చినవాళ్లు తమ ఫైళ్లతో చూపిస్తారు, అవన్నీ చక్కగా నడుస్తాయి. మీ సర్వర్‌లోంచి ఐదు ఫైళ్లు తీసి పెట్టుకోండి: తెల్ల ఓవర్‌ప్రింట్ ఉన్న కవరు, వర్డ్ నుంచి వచ్చిన పుస్తకం, స్పాట్ కలర్ మీద నీడ ఉన్న కరపత్రం, ఒకే పాంటోన్ మూడు పేర్లతో ఉన్న లేబుల్, వత్తులు ఎక్కువగా ఉన్న తెలుగు పేజీ. వాటిని వాళ్ల ముందే లోపలికి పంపి, బయటికి వచ్చిన 1-బిట్ ఫైళ్లను మీరే తెరిచి ఒక్కో ప్లేటూ చూడండి.